ఫార్మా, కెమికల్ ప్లాంట్ల షిఫ్ట్ ఇన్‌ఛార్జిలకు బహిరంగ లేఖ

షిఫ్ట్ ఇన్‌ఛార్జి మిత్రులకు నమస్కారం.

ఇటు పైడిభీమవరం, పరవాడ, అచ్యుతాపురం, నక్కపల్లి. అటు జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం, జడ్చర్ల. ఈ ఊళ్ళలో రాత్రి పదింటికి కంపెనీ బస్సు దిగి, పంచ్ కొట్టి, హెల్మెట్ తగిలించుకుని బ్లాకులోకి వెళ్ళే మీ అందరికీ ఈ ఉత్తరం. నేనూ మీలాగే బీఎస్సీ కెమిస్ట్రీ చదివి ట్రైనీ కెమిస్టుగా చేరినవాణ్ణి. కొన్నేళ్ళు షిఫ్టు నడిపాను. ఇప్పుడు సేఫ్టీ విభాగంలో పనిచేస్తున్నాను.

ఇదంతా యాజమాన్యాలకు రాయాలి గానీ మాకెందుకు అని మీలో కొందరికి అనిపించవచ్చు. వాళ్ళకు చెప్పాల్సిందీ ఉంది, చివర్లో చెబుతాను. కానీ రాత్రి రెండింటికి ప్లాంటులో ఎండీ ఉండడు, ప్లాంట్ హెడ్ ఉండడు, ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ అసలే ఉండడు. ఆ వేళ ఒక పని జరగాలా, ఆగాలా అన్నది మీ నోటి మాట మీద ఉంటుంది. అందుకే ముందు మీకు రాస్తున్నాను.

2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో మధ్యాహ్న భోజనాల వేళ పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. మరుసటి ఏడాది జూన్ 30న పాశమైలారంలో 50 మందికి పైగా పోయారు. కొందరి శరీరాలు కూడా ఇంటివాళ్ళకు దక్కలేదు. అంతకు ముందు 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి నిద్రపోతున్న ఊరి మీద పడింది, 12 మంది ప్రాణాలు తీసింది. ఇవి పెద్దవి కాబట్టి దేశమంతా తెలిశాయి. యాసిడ్ పడి చూపు పోయినవాడు, సెంట్రిఫ్యూజ్‌లో వేళ్ళు పోగొట్టుకున్నవాడు, ట్యాంకులోకి దిగి తిరిగి రానివాడు జిల్లా పేజీలో నాలుగు లైన్లతో సరి.

ప్రమాదం జరిగిన ప్రతిసారీ రెండు మాటలు వినిపిస్తాయి: మానవ తప్పిదం, కార్మికుల నిర్లక్ష్యం. తర్వాత ఎవరో ట్రైనర్ వస్తాడు, ప్రొజెక్టర్ పెట్టి, మీ ఆటిట్యూడ్ మారాలి అని రెండు గంటలు చెప్పి వెళ్తాడు. ఆటిట్యూడ్ వల్ల ప్రమాదాలు జరుగుతాయన్న మాటతో నాకు పేచీ లేదు. కళ్ళారా చూశాను. నా పేచీ అంతా, ఆ ఆటిట్యూడ్ కార్మికుడు ఇంటి దగ్గర్నుంచి టిఫిన్ బాక్సులో పెట్టుకుని తెచ్చుకున్నట్టు మాట్లాడటం మీద.

కొత్తగా చేరిన కుర్రాణ్ణి ఎప్పుడైనా గమనించారా? రాయగడ నుంచో, బీహార్ నుంచో, పక్క మండలం నుంచో వచ్చి ఉంటాడు. మొదటి రోజు గాగుల్స్ తియ్యడు. మాస్కు చెవుల మీద కోసుకుపోతున్నా తియ్యడు. పైపులో చప్పుడైతే ఉలిక్కిపడతాడు. సాల్వెంట్ (కరిగించే ద్రవం) వాసన వస్తే పక్కవాణ్ణి అడుగుతాడు. ఆ భయం మంచిది, అది వాణ్ణి కాపాడుతుంది. పదిహేను రోజుల తర్వాత చూడండి. గాగుల్స్ హెల్మెట్ మీదికెక్కి ఉంటాయి, మాస్కు గడ్డం కిందికి దిగి ఉంటుంది. మధ్యలో వాడికి ఎవరూ క్లాసు చెప్పలేదు. వాడు చూశాడంతే. సీనియర్ ఆపరేటర్ని చూశాడు, మెయింటెనెన్స్ ఫిట్టర్ని చూశాడు, అందరికన్నా ఎక్కువగా మిమ్మల్ని చూశాడు. రెండు నిమిషాల పనే కదా అని మీరు గాగుల్స్ లేకుండా బ్లాకులోకి వచ్చి వెళ్ళిన రోజు వాడికి బాగా గుర్తుంటుంది.

ఒక రాత్రి సంగతి చెబుతాను. ఏ ప్లాంటు అని అడగొద్దు, మీ ప్లాంటులోనూ జరిగే ఉంటుంది. పై ఫ్లోర్‌లో రియాక్టర్ (రసాయనాలు కలిపి వండే పెద్ద పాత్ర) మ్యాన్‌హోల్ తెరిచి ఉంది. లోపల టోలిన్ అనే సాల్వెంట్. పక్కన పౌడరు డ్రమ్ములు. డ్రమ్ముకు ఎర్తింగ్ క్లాంపు (స్టాటిక్‌ను భూమిలోకి పంపే వైరు పట్టు) పెట్టి ఛార్జింగ్, అంటే పౌడరును రియాక్టర్‌లో వెయ్యడం మొదలుపెట్టాలి. క్లాంపు పళ్ళు అరిగిపోయాయి. డ్రమ్ము అంచుకు మందంగా పెయింటు. క్లాంపు ఆ పెయింటు మీదే జారుతోంది తప్ప లోపలి ఇనుమును పట్టుకోవడం లేదు. హెల్పర్ రెండుసార్లు నొక్కి చూశాడు. తర్వాత తలెత్తి ఇన్‌ఛార్జి వైపు చూశాడు.

“సార్, పట్టట్లేదు సార్.”

ఇన్‌ఛార్జి గోడ గడియారం వైపు చూశాడు. “కానీ కానీ. రెండింటికల్లా హీటింగ్ ఇవ్వాలి.”

అంతే జరిగింది. ఛార్జింగ్ అయిపోయింది, బ్యాచ్ బాగానే వచ్చింది, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ టోలిన్ ఫ్లాష్ పాయింట్ దాదాపు 4 డిగ్రీలు. అంటే మన ఊళ్ళ వేడిలో మ్యాన్‌హోల్ దగ్గర అంటుకోగల ఆవిరి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ప్లాస్టిక్ లైనర్ నుంచి పౌడరు జారుతుంటే స్టాటిక్ విద్యుత్తు పుడుతుంది. సింథటిక్ చొక్కా విప్పేటప్పుడు చిటపటమంటుందే, ఆపాటి నిప్పురవ్వ చాలు. లోపలి ఆక్సిజన్‌ను తోసేసే నైట్రోజన్ సరిగ్గా అందకపోతే, క్లాంపు పట్టకపోతే, ఆ రవ్వకు అడ్డు ఏమీ ఉండదు. ఆ రాత్రి ఏమీ జరగలేదు కాబట్టి మర్నాడు కూడా అలాగే చేశారు. ఏమీ జరగని ప్రతి రాత్రీ ఆ హెల్పర్ కుర్రాడి మనసులో ఒకటే రాసుకుంటూ పోయింది: క్లాంపు లేకపోయినా ఫర్వాలేదు, సారే కానిమ్మన్నారు. రేపు వాడే ఆపరేటరై, పక్కవాడు అడిగినప్పుడు అదే జవాబు చెబుతాడు.

ఆ ఇన్‌ఛార్జి చెడ్డవాడు కాడు. వాళ్ళింటికి వెళ్ళి భోజనం చేసినవాణ్ణి, నాకు తెలుసు. పొద్దున్న మీటింగులో బ్యాచ్ ఎందుకు లేటయిందని అడిగితే తలదించుకోవాలన్న టెన్షన్ అతనిది. కొత్త క్లాంపు కోసం ఇండెంట్ పెట్టి చాలా రోజులైంది, స్టోర్స్‌లో రాలేదు. పన్నెండు గంటల డ్యూటీ, చాలని మనుషులు. మీ మీద ఎంత బరువుందో తెలిసే రాస్తున్నాను. అయినా ఆ “కానీ కానీ” దగ్గర అతనికి ఒక దారి ఉంది. పెయింటు గీకించి, పక్క బ్లాకు నుంచి క్లాంపు తెప్పించి, అరగంట ఆలస్యంగా ఛార్జింగ్ చేసి, లాగ్‌బుక్‌లో కారణం రాసి సంతకం పెట్టే దారి. ఆ అరగంట ఇప్పించడం మీ చేతిలో ఉన్న అధికారం. దాన్ని వాడుకోమనడానికే ఈ ఉత్తరం.

తొందర గురించి ఇంకొకటి చెప్పాలి, ఎందుకంటే ఇది బాగా చదువుకున్న మన కెమిస్టులే చేసే పని. బీపీఆర్‌లో (బ్యాచ్ ఎలా చెయ్యాలో రాసిన పత్రంలో) 0 నుంచి 5 డిగ్రీల మధ్య నాలుగు గంటల పాటు నెమ్మదిగా అడిషన్ చెయ్యమని ఉంటుంది. టెంపరేచర్ కదలకుండా నిలబడి ఉంటే, బాగానే ఉంది కదా, కొంచెం స్పీడ్ పెంచుదాం అనిపిస్తుంది. టెంపరేచర్ కదలడం లేదంటే అంతా అదుపులో ఉందని అర్థం కాకపోవచ్చు. వేసింది వేసినట్టు రియాక్ట్ కాకుండా లోపల పేరుకుపోతూ ఉండవచ్చు. ఎక్కడో ఒక దగ్గర అంటుకుంటే పేరుకున్నదంతా ఒక్కసారే రియాక్ట్ అవుతుంది, అప్పుడు చల్లార్చే ఉప్పునీళ్ళు (బ్రైన్) పూర్తిగా తెరిచినా ఆగదు. ఆర్ అండ్ డీలో లీటరు ఫ్లాస్కులో చల్లగా ఉన్న రియాక్షన్ ఐదు వేల లీటర్ల రియాక్టర్‌లో అంత చల్లగా ఉండదు. సైజు పెరిగేకొద్దీ సరుకు పెరిగినంతగా చల్లార్చే గోడ పెరగదు. ఈ లెక్క మనందరం కాలేజీలో చదివాం, పరీక్షలో రాశాం కూడా. నెలాఖరు డిస్పాచ్ ముందు మాత్రం మర్చిపోతాం.

సీనియర్ల సంగతి వేరు. ఇరవై ఏళ్ళు పనిచేసిన ఆపరేటర్ పంపు శబ్దం విని బేరింగ్ పోతోందని చెప్పగలడు. అలాంటి చెవి ఏ సెన్సర్‌కీ లేదు, వాళ్ళంటే నాకు గౌరవం. కానీ ఆ అనుభవంతోపాటే ఒక మొండి ధైర్యం కూడా వస్తుంది. మూత తీసి వాసన చూసి ఏ సాల్వెంటో చెప్పేయడం, గ్లోవ్ లేకుండా ఫ్లాంజ్ విప్పడం, “మేం ఎన్ని చూశాం” అనడం. కుర్రాళ్ళు మాస్కు పెట్టుకుంటే పిరికివాళ్ళని నవ్వడం. హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటి వాయువు దగ్గర ఆ ముక్కు ఎందుకూ పనికిరాదు. తక్కువగా ఉన్నప్పుడు కుళ్ళిన గుడ్డు వాసన కొడుతుంది, ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన పోయింది కదా అని లోపలికి వెళ్తాడు మనిషి. సీనియర్‌ని పదిమందిలో మందలిస్తే వాడి మనసు విరుగుతుంది, మీ మాటకు విలువా పోతుంది. పక్కకు తీసుకెళ్ళి, “అన్నా, నిన్ను చూసి పిల్లలు నేర్చుకుంటున్నారు” అని చెప్పి చూడండి. నేను చూసినంతలో చాలామంది ఆ మాటకు కరిగినవాళ్ళే.

రాసిపెట్టి ఉంటే ఎవరు తప్పిస్తారు అనే మాట కూడా మన బ్లాకుల్లో తరచూ వింటాం. దసరాకు ఆయుధ పూజ చేస్తాం. రియాక్టర్‌కు పసుపు కుంకుమ పెడతాం, అరటి పిలకలు కడతాం, గుమ్మడికాయ కొడతాం. నాకూ ఆ పూజంటే ఇష్టం. ఆ ఒక్కరోజు అందరం యంత్రాన్ని శుభ్రంగా తుడిచి, దగ్గరగా చూసి, చేత్తో తాకుతాం. ఆ రోజు బెల్టు గార్డు లేకపోతే, రప్చర్ డిస్క్ (ప్రెషర్ మితిమీరితే పగిలి బయటికి వదిలే పలక) కింది వాల్వు మూసి ఉంటే, ప్రెషర్ గేజ్ ముల్లు ఎప్పట్నుంచో ఒకేచోట ఆగిపోయి ఉంటే అప్పుడే కంటపడాలి. బొట్టు పెట్టిన చేత్తోనే అది రాసి మెయింటెనెన్స్‌కు ఇవ్వండి. అదీ పూజలో భాగమే అని నేను నిజంగా నమ్ముతాను.

భోపాల్ గురించి మనందరికీ తెలుసనుకుంటాం. 1984 డిసెంబర్ 2 రాత్రి పదకొండున్నర ప్రాంతంలోనే అక్కడి కార్మికులకు కళ్ళు మండటం మొదలైంది. ఆ ప్లాంటులో చిన్న చిన్న లీకులు, కళ్ళు మండటం అలవాటైన సంగతులు. లీకు ఎక్కడుందో కనిపించింది కూడా. టీ తాగాక చూద్దామనుకున్నారు. ట్యాంకులో ప్రెషర్ పెరగడం కనిపించినా మొదట్లో అది వింతగా తోచలేదు. ఆ తర్వాత గంటల్లో దాదాపు 40 టన్నుల విషవాయువు ఊరి మీదికి పోయింది. ఆ కార్మికుల్ని తప్పుపట్టడం తేలిక. కానీ ట్యాంకును చల్లగా ఉంచాల్సిన రిఫ్రిజిరేషన్‌ను అంతకు నెలల ముందే ఆపేసింది వాళ్ళు కాదు. వాయువును కాల్చేసే ఫ్లేర్‌కు వెళ్ళే పైపు ముక్క విప్పి పెట్టి ఉన్నదీ వాళ్ళ నిర్ణయం వల్ల కాదు. రాత్రి షిఫ్టులో మెయింటెనెన్స్ సూపర్‌వైజర్ పోస్టు తీసేసిందీ వాళ్ళు కాదు. ఒక్కొక్క రక్షణ పోతున్నా ప్లాంటు నడుస్తూనే ఉంటే, నడవడం చాలు అన్న ఆలోచన పైనుంచి కింది దాకా పాకుతుంది. కళ్ళు మండటం కూడా మామూలే అనిపించే స్థితి అలా వస్తుంది. మన దగ్గర కూడా, రోజూ వచ్చే వాసనే కదా అనే మాట ఎక్కడ వినిపించినా నాకు భోపాల్ గుర్తొస్తుంది.

విశాఖ స్టైరీన్ ట్యాంకు దగ్గరా ఇలాంటిదే. లాక్‌డౌన్‌లో ప్లాంటు ఆగి ఉంది. ట్యాంకులో టెంపరేచర్ కొలిచేది అడుగు భాగంలో మాత్రమే. పైన వేడెక్కుతున్నా కింద మామూలు అంకే కనిపిస్తుంది. ఆ అంకె వేసి సంతకం పెట్టినవాడు నిజాయితీగానే పెట్టి ఉంటాడు. గేజ్ చూపించే అంకె, లోపల జరిగేది ఒకటేనా అని అడిగే అలవాటు మన ట్రైనింగుల్లో నేర్పడం లేదు. ఊరిని లేపాల్సిన సైరన్ ఆ తెల్లవారుజామున మోగలేదు.

ఇక షిఫ్టు మారే వేళ. ఉదయం ఆరింటికి మీ కళ్ళు మూతలు పడుతుంటాయి, కింద బస్సు హారన్ కొడుతుంటుంది. లాగ్‌బుక్‌లో “అంతా నార్మల్” అని రాసి, తర్వాతి షిఫ్టుకు వచ్చే రిలీవర్ రాకముందే మెట్లు దిగిపోయేవాళ్ళున్నారు. 1988 జూలై 6న ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా అనే చమురు ప్లాట్‌ఫామ్ మీద ఒక పంపుకు సేఫ్టీ వాల్వు విప్పి రిపేరుకు తీసుకెళ్ళారు. ఆ సంగతి రాత్రి షిఫ్టుకు చేరలేదు. పర్మిట్ కాగితం ఉంది, చెప్పిన మనిషి లేడు. రెండో పంపు ఆగిపోతే రాత్రివాళ్ళు ఈ పంపు ఆన్ చేశారు. 167 మంది చనిపోయారు. ఇది చదివాక నేను షిఫ్టు అప్పగించే పద్ధతే మారిపోయింది. రిలీవర్‌ను వెంటబెట్టుకుని ఒకసారి బ్లాకు చుట్టి వచ్చేవాణ్ణి. ఏ లైను విప్పి ఉంది, ఏ ఇంటర్‌లాక్ (ప్రమాదం వస్తే యంత్రాన్ని దానంతటదే ఆపేసే ఏర్పాటు) బైపాస్‌లో ఉంది, ఏ రియాక్టర్‌లో ఏముంది, ఎవరి పర్మిట్ తెరిచి ఉంది అని వేలు పెట్టి చూపించేవాణ్ణి. పది నిమిషాల పని. బస్సు కాసేపు ఆగుతుంది. డ్రైవర్ విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

బైపాస్ అన్నాను కాబట్టి ఒక్క మాట. ఇంటర్‌లాక్ మాటిమాటికీ ట్రిప్ అవుతోందని వైరు కట్టేసి నడపడం మీ సొంత నిర్ణయం కాకూడదు. ఎవరు ఒప్పుకున్నారో, ఎప్పటిదాకానో కాగితం మీద లేకుండా ఒక్క గంట కూడా వద్దు. పైవాళ్ళు నోటిమాటగా చెబితే మెయిల్‌లో పెట్టమనండి. పెట్టడానికి వాళ్ళు జంకితే, అది ఎలాంటి పనో వాళ్ళకూ తెలుసన్నమాట.

ట్యాంకుల గురించి రాయకుండా ఉండలేను, ఎందుకంటే అక్కడ మనుషుల్ని చంపేది నిర్లక్ష్యం ఒక్కటే కాదు, ప్రేమ కూడా. గాలిలో ఆక్సిజన్ దాదాపు 20.9 శాతం ఉంటుంది. 19.5 కంటే తగ్గితే లోపలికి దిగకూడదు. నైట్రోజన్ నిండిన రియాక్టర్‌లో ఊపిరి ఆడనట్టు కూడా అనిపించదు. ఒకటి రెండు ఊపిరులకే స్పృహ పోతుంది. లోపల పడిపోయిన వాణ్ణి చూసి పైనున్న స్నేహితుడు ఆగలేడు, దూకేస్తాడు. వాడి వెనక ఇంకొకడు. మన ఊళ్ళలో పాడుబడిన బావుల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో అన్నదమ్ములు ఇలాగే పోతున్నారు. మామూలు ఫిల్టర్ మాస్కు అక్కడ పనిచెయ్యదు, అది లేని ఆక్సిజన్‌ను తెచ్చివ్వలేదు. ఆ క్షణంలో దూకబోయేవాణ్ణి రెక్క పట్టుకుని ఆపాల్సింది మీరే. ఆపాలంటే ముందే, ప్రమాదం లేని రోజునే, మీ టీమ్ చేత రిహార్సల్ చేయించాలి. తాడు ఎక్కడుంది, ట్రైపాడ్ ఎక్కడుంది, గాలి సిలిండరు సెట్టు ఎవరికి వేసుకోవడం వచ్చు. దిగేముందు ఆక్సిజన్ మీటర్ రీడింగ్ మీరు కళ్ళతో చూడండి. పర్మిట్‌లో ఎవరో వేసిన అంకెను నమ్మకండి.

ఇప్పుడు ఆపే హక్కు గురించి. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. ప్రమాదం ముంచుకొస్తోందని అనుమానం కలిగితే హెచ్చరించే హక్కు కార్మికుడికి ఇచ్చారు. ప్రమాదకర ప్లాంట్లలో కార్మికులు, యాజమాన్యం సమాన సంఖ్యలో ఉండే సేఫ్టీ కమిటీ ఉండాలన్నారు. కొత్త లేబర్ కోడ్‌లో కూడా యాజమాన్యానికీ, తనిఖీ అధికారికీ ఆ సంగతి తెలియజేసే హక్కు ఉంది. చట్టంలో ఉన్నది మీ బ్లాకులోకి ఎంత వచ్చింది? కమిటీ మీటింగు మినిట్స్ మీద సంతకాలు తీసుకోవడమే తప్ప మీటింగే పెట్టని చోట్లు నాకు తెలుసు. ఒక కాంట్రాక్ట్ హెల్పర్ “సార్, వాసన తేడాగా ఉంది” అన్నప్పుడు మీ మొహంలో విసుగు కనిపిస్తే వాడు ఇంకోసారి చెప్పడు. రేపు నిజంగా లీకైనప్పుడు కూడా చెప్పడు. వాడు చెప్పిన పదిసార్లలో తొమ్మిదిసార్లు ఏమీ ఉండకపోవచ్చు. ఆ తొమ్మిదిసార్లూ లేచి వెళ్ళి చూడండి. ముందు “మంచి పని చేశావు” అనండి, మిగతావి తర్వాత అడగండి. ఈ ఒక్కటి చేసినా మీ షిఫ్టులో ఏం జరుగుతోందో మీకు తెలుస్తుంది.

వాడి భాష కూడా చూసుకోండి. సేఫ్టీ డేటా షీటు ఇంగ్లిష్‌లో, పర్మిట్ ఇంగ్లిష్‌లో, పనికి ముందు జాగ్రత్తలు చెప్పే టూల్‌బాక్స్ టాక్ తెలుగులో, వినేవాడు ఒడియా మాట్లాడేవాడు. తల ఊపుతాడు. అర్థమైందా అని అడిగితే అయిందనే అంటాడు. ఏం చెయ్యబోతున్నావో నువ్వు నాకు చెప్పు అని వాడి చేత వాడి భాషలో చెప్పించండి. మధ్యలో చెప్పేవాడు ఎవరో ఒకరు బ్లాకులో ఉంటారు.

నియర్ మిస్, అంటే త్రుటిలో తప్పిన ప్రమాదాల రిపోర్టుల మాటకొస్తే, మీలో చాలామందికి అవంటే చిరాకని నాకు తెలుసు. రాస్తే మీ మీదికే వస్తుంది. షోకాజ్ నోటీసు వస్తుంది, ఇంక్రిమెంట్ దగ్గర గుర్తుచేస్తారు. గేటు దగ్గర “ప్రమాదం లేని రోజులు” అని బోర్డు పెట్టి అంకె పెంచుకుంటూ పోవడం వల్ల, దెబ్బ తగిలినవాణ్ణి ఆటోలో బయటి ఆసుపత్రికి పంపేసి సెలవు రాయించిన సంఘటనలు జరిగాయి. ఆ బోర్డు చూసి గర్వపడేవాళ్ళు ఒకసారి ఆలోచించాలి. రిపోర్టులు ఎక్కువొచ్చే బ్లాకును నేను అనుమానించను. ఏడాదంతా ఒక్క కాగితం కూడా రాని బ్లాకుకే ముందు వెళ్తాను.

ఇక్కడ యాజమాన్యాలకు చెప్పాల్సింది. ప్లాంట్ హెడ్‌లూ, డైరెక్టర్లూ, ఈ ఉత్తరం మీ చేతికి వస్తే ఈ పేరా చదవండి. మీ షిఫ్ట్ ఇన్‌ఛార్జి ఆటిట్యూడ్ పొద్దున్న తొమ్మిదింటి మీటింగులో తయారవుతుంది. మీ మొదటి ప్రశ్న “బ్యాచ్ ఎక్కడిదాకా వచ్చింది” అయితే అతను రాత్రంతా ఆ ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకుంటూ పనిచేస్తాడు. “రాత్రి ఏం ఆపారు, ఎందుకు ఆపారు” అని అడిగితే ఆపడం తప్పు కాదని నమ్ముతాడు. అమెరికాలో అల్కోవా అనే అల్యూమినియం కంపెనీకి 1987లో పాల్ ఓనీల్ అధిపతిగా వచ్చాడు. ఇన్వెస్టర్లతో మొదటి సమావేశంలో లాభాల మాట పక్కనపెట్టి కార్మికుల భద్రత గురించి మాట్లాడితే, ఈయన కంపెనీని ముంచేస్తాడని భయపడ్డవాళ్ళున్నారు. ఎక్కడ ఎవరికి దెబ్బ తగిలినా ఆ సమాచారం, మళ్ళీ జరగకుండా ఏం చేస్తారన్న సంగతి 24 గంటల్లో తన దగ్గరికి రావాలన్నాడు. ఆయన దిగిపోయే నాటికి కంపెనీ లాభాలు తగ్గకపోగా ఎన్నో రెట్లు పెరిగాయి. మీరు అంత చెయ్యకపోయినా, క్లాంపు ఇండెంట్ నెలల తరబడి స్టోర్స్‌లో పడి ఉండకుండా చూడండి. పన్నెండు గంటల డ్యూటీ మీద మళ్ళీ ఓవర్‌టైమ్ వెయ్యకండి. నిద్రలేని మనిషి దగ్గర ఏ ట్రైనింగూ పనిచెయ్యదు. పని ఆపినందుకు ఏ ఇన్‌ఛార్జి మీదా చర్య ఉండదని మీ సంతకంతో ఒక కాగితం తెలుగు, హిందీ, ఒడియాలో ప్రతి బ్లాకు గుమ్మం దగ్గర అతికించండి. అలాంటి కాగితం ఉంటే ఆ రాత్రి ఆ ఇన్‌ఛార్జి గడియారం వైపు చూసేవాడు కాడేమో.

మిత్రులారా, మళ్ళీ మీ దగ్గరికి. యాజమాన్యం ఆ కాగితం ఇచ్చేదాకా ఆగమని నేను అనను. ఈ వారం మీ షిఫ్టులో రెండు పనులు చెయ్యండి. మీ బ్లాకులో ఉన్న ప్రతి ఎర్తింగ్ క్లాంపునూ చేత్తో లాగి చూడండి. పట్టనిదాన్ని అక్కడే విరిచి పారెయ్యండి, ఇండెంట్‌లో కారణం స్పష్టంగా రాయండి, కాపీ సేఫ్టీ విభాగానికి పంపండి. రెండోది, మీ టీమ్‌లో అందరికన్నా కొత్తగా చేరినవాణ్ణి టీ దగ్గర కూర్చోబెట్టుకుని, ఇక్కడ నీకు దేని దగ్గర భయమేస్తోంది అని అడగండి. మాట మధ్యలో అడ్డు రాకండి. వాడు చూపించిన చోటికి వాడితో కలిసి వెళ్ళండి, అక్కడ మీకేం కనిపించిందో లాగ్‌బుక్‌లో రాయండి. మా లాంటి సేఫ్టీ వాళ్ళు రాసిన చెక్‌లిస్టులో లేనిది మీకు దొరికితే, దయచేసి మాకూ చెప్పండి.

ఇట్లు,
మీ తోటి ఉద్యోగి,
సేఫ్టీ విభాగం